సూది ముట్టని బిడ్డ

చల్లపల్లి పక్క పల్లె నుంచి బెజవాడ మామూలు రోజుల్లో బస్సెక్కితే పూట ప్రయాణం కూడా కాదు. డెబ్బైమూడు జనవరిలో మాత్రం మామూలు రోజులన్నవే లేకుండా పోయాయి. జై ఆంధ్ర ఉద్యమం ముదిరి బస్సులు ఆగాయి, ఆఫీసులు సమ్మెలో ఉన్నాయి, రోడ్లకు అడ్డంగా చెట్లు కొట్టి పడేశారు. తవుడు బస్తాలు వేసుకుని తెల్లారకముందే బయల్దేరిన ఒక లారీ డ్రైవరు, జబ్బుపిల్లతో రోడ్డు మీద నిలబడ్డ ఒక కుటుంబాన్ని చూసి, ఆ పిల్ల ఊపిరి పీల్చే చప్పుడు విని బస్తాల మీద ఎక్కించుకున్నాడు. దారిలో రెండుచోట్ల కర్రలు పట్టుకున్న కుర్రాళ్ళు లారీ ఆపారు. రెండుచోట్లా పైకెక్కి, వాచిపోయిన పిల్ల మెడ చూసి, మారుమాట లేకుండా దిగి చెట్టును వాళ్ళే పక్కకు లాగారు.

ఆరేళ్ళ దీనమ్మ తల్లి హన్నా ఒళ్ళో ఉంది. పక్కన తండ్రి సొలొమోను, కాలవ లాకుల దగ్గర తలుపులు ఎత్తి దించే లస్కరు. దీనమ్మ తమ్ముణ్ణి, పది నెలల పసివాణ్ణి, కొంగులో చుట్టుకుని సొలొమోను తల్లి సీతమ్మ కూర్చుంది. ఆ వెనక కళ్ళు మూసుకుని పెదవులు కదుపుతున్న పెద్దాయన అబ్రహాము అయ్యగారు. వాళ్ళ ప్రార్థన మందిరానికి ఆయనే పెద్ద.

మందిరం ఏమంత పెద్దది కాదు. తాటాకు కప్పు, నలభై గడప. అందులో చేరినవాళ్ళు మందు మింగరు, సూది వేయించుకోరు. జ్వరమొస్తే నూనె రాసి ప్రార్థన చేస్తారు. మశూచి టీకాల వాళ్ళు ఊళ్ళోకి వచ్చారంటే పిల్లల్ని చేలగట్ల మీదికి తరిమేస్తారు. ఊళ్ళో వాళ్ళను చూసి నవ్వేవాళ్ళకు కొదవలేదు. అయితే తాగొచ్చి పెళ్ళాన్ని కొట్టే మగాడు ఇప్పుడు ఆ నలభై గడపల్లో ఒక్కడూ లేడని నవ్వేవాళ్ళకూ తెలుసు.

పిల్లకు గొంతు నొప్పి మొదలైనప్పుడు వాళ్ళు మూడురోజులు ప్రార్థన చేశారు. నాలుగోనాడు మంచినీళ్ళు కూడా గొంతు దిగలేదు. సొలొమోను లేచి నిలబడి, ఇక నావల్ల కాదు అయ్యగారూ, ఆస్పత్రికి తీసుకుపోతాను అన్నాడు. అబ్రహాము గారు కాదనలేదు, ఔననలేదు. నేనూ వస్తాను పద అన్నారు.

వన్ టౌన్‌లో హోల్‌సేల్ మందుల షాపుల వెనక సందులో ఉన్న నర్సింగ్ హోముకు చేరేసరికి తొమ్మిది దాటింది. డాక్టరు వెంకటకృష్ణారావు గారిది బట్టతల, కోపం ముక్కు మీదే ఉంటుంది. టార్చిలైటు వేసి పిల్ల గొంతులోకి చూశాడు. కొండనాలుకకు రెండుపక్కలా బూడిదరంగు పొర దళసరిగా కట్టి ఉంది. దీన్ని కంఠసర్పి, ఇంగ్లీషులో డిఫ్తీరియా అంటారని, నాలుగు రోజులు ఇంట్లో పెట్టుకుని ఏం చేశారని అరిచాడు. పొర కిందికి దిగి ఊపిరి దారి మూసేయవచ్చు. అక్కడ మూయకపోయినా దాని విషం గుండెకు పాకుతుంది. విరుగుడు ఒక్కటే, సీరం. సగం షట్టరు దించుకున్న షాపుల్లో వెతికించి ఒక్క పిల్లకు సరిపడా సీసాలు తెప్పించాడు. ఇవి అయిపోతే ఈ గొడవల్లో మళ్ళీ దొరకవని కూడా చెప్పాడు.

సీసా మూత తీయకముందు ఆయన ఒక ప్రశ్న అడిగాడు.

"ఈ పిల్లకి ఇదివరకు ఎప్పుడైనా సీరం ఇంజక్షన్ చేయించారా? ధనుర్వాతానికి గానీ, ఇంకోదానికి గానీ?"

హన్నా నోరు తెరిచేలోపే అత్తగారు అందుకుంది. "మా ఇంటావంటా సూది లేదు డాక్టరుగారూ. పుట్టింది మొదలు ఈ బిడ్డని సూది ముట్టలేదు."

అంత దిగుల్లోనూ సొలొమోను తల ఎత్తాడు. రెండేళ్ళ కిందట లాకుల పలకలో ఉన్న తుప్పు మేకు పిల్ల అరికాల్లో దిగితే కూడా ఏ సూదీ వేయించలేదని, ప్రార్థనతోనే మానిందని చెప్పాడు. మందిరంలో చెప్పినట్టే గట్టిగా చెప్పాడు. అబ్రహాము గారు అవునన్నట్టు తల ఊపారు.

"మీరు చేసింది మంచిపని కాదు. కానీ ఇవాళ్టికి అదే కలిసొచ్చింది" అన్నాడు డాక్టరు. మందు ఒంటికి పడుతుందో లేదో తెలియడానికి చర్మం కింద ఒక చుక్క వేసి, పొక్కు లేస్తుందేమో ఇరవై నిమిషాలు చూడమని నర్సు తెరేసమ్మకు చెప్పి, సందు చివర ఇంకో రోగి ఉంటే చూడటానికి వెళ్ళాడు.

తెరేసమ్మది మైలవరం. మెళ్ళో జపమాల, చేతికి మగవాళ్ళ గడియారం, ముప్పై ఏళ్ళ సర్వీసు. పిల్ల ముంజేతి లోపలివైపు సన్నటి సూదితో ఒక చుక్క ఎక్కించి, చుట్టూ పెన్నుతో గుండ్రంగా గీత గీసింది. మగవాళ్ళను, ముసలావిడను వరండాలోకి పంపేసింది. గదిలో హన్నా, పిల్ల, ఆవిడ మిగిలారు. దీనమ్మ ఊపిరి పీల్చిన ప్రతిసారీ మెడ కింద గుంట పడుతోంది.

డాక్టరు అడిగిన ప్రశ్న హన్నాను వదలడం లేదు. కానీ ఎందుకు భయపడాలో ఇంకా సరిగ్గా తెలియదు. మెల్లిగా అడిగింది.

"ధనుర్వాతం సూది సంగతి ఎందుకడిగారండీ ఆయన? అది వేరే జబ్బు గదా."

"జబ్బు వేరేగానీ గుర్రం ఒకటేనమ్మా" అంది తెరేసమ్మ, గడియారం మీంచి చూపు తిప్పకుండా.

తర్వాత వివరంగా చెప్పింది. ఈ మందు గుర్రం రక్తంలోంచి తీస్తారు. గుర్రానికి జబ్బు విషం కొద్దికొద్దిగా ఎక్కిస్తూ పోతే దాని ఒళ్ళు ఆ విషాన్ని గుర్తుపట్టడం నేర్చుకుని విరుగుడు తయారు చేసుకుంటుంది. ఆ విరుగుడును తెచ్చి మనిషికి పోస్తారు. ధనుర్వాతానికీ అంతే, కంఠసర్పికీ అంతే. అయితే మనిషి ఒంటికి గుర్రం సరుకు పరాయిది. మొదటిసారి లోపలికి వస్తే ఒళ్ళు బిత్తరపోయి చూస్తుంది, తీరిగ్గా ఆనవాలు పట్టి పెట్టుకుంటుంది. రెండోసారి వస్తే మాత్రం ఊరుకోదు. ఒక్కుమ్మడిగా మీదపడుతుంది. ఆ తోపులాటలో ఊపిరి ఆగుతుంది, నాడి పడిపోతుంది, అంతా అయిదు నిమిషాల్లో అయిపోతుంది.

"మీ అత్తగారి మొహాన మశూచి మచ్చలున్నాయి గదా. మళ్ళీ ఎప్పుడన్నా వచ్చిందా ఆవిడకి?"

రాలేదు. చిన్నప్పుడు ఒక్కసారే. ఆ తర్వాత మూడుసార్లు మశూచి ఊరిమీద పడితే, పక్కన కూర్చుని వేపాకు విసిరిందీ, ఒళ్ళు తుడిచిందీ సీతమ్మే. నన్నేం చేస్తుంది అని నవ్వేది. అది తన విశ్వాసం అనుకునేది.

"అదీ ఈ జ్ఞాపకమేనమ్మా. అక్కడ కాపాడింది. ఇక్కడ చంపుతుంది."

"ఎన్నాళ్ళు గుర్తుంటుందండీ?"

"ఏళ్ళూ పూళ్ళూ. మనం మర్చిపోతాంగానీ ఒళ్ళు మర్చిపోదు."

హన్నా పిల్ల చేతివైపు చూసింది. పెన్ను గీత లోపల చర్మం ఏమీ ఎరగనట్టు ఉంది.

రెండేళ్ళ కిందట మేకు దిగిన మర్నాడు దీనమ్మ పాదం బూరెలా పొంగింది. అంతకు పదిరోజుల ముందే పక్క పేటలో ఒక కుర్రాడు ధనుర్వాతంతో విల్లులా వంగిపోయి చచ్చిపోయాడు. వాడి తల్లి ఏడుపు కాలవ అవతలి గట్టుకు వినపడింది. హన్నా ఆ ఏడుపు మర్చిపోలేకపోయింది. శనివారం సంత అని, కూరగాయలని చెప్పి పిల్లను ఎత్తుకుని చల్లపల్లి పోయింది. సంత పక్కన పుల్లయ్య అనే ఆరెంపీ డాక్టరు ఉండేవాడు. ధనుర్వాతానికి సూది వేశాడు. ఏం మందు, ఎక్కణ్ణుంచి వచ్చింది అని ఆవిడ అడగలేదు, ఆయన చెప్పలేదు. ఇంటికొచ్చి వంకాయలు తరుగుతూ, రాత్రికి చెప్పేద్దాంలే అనుకుంది.

ఆ రాత్రే సొలొమోను తాగకుండా ఇంటికొచ్చాడు. అప్పటికి పెళ్ళయి ఎనిమిదేళ్ళు, అలా రావడం అరుదు. కూతురి కాలు ఒళ్ళో పెట్టుకుని తెల్లవార్లూ కూర్చున్నాడు, ఈ బిడ్డను నాకిస్తే చుక్క ముట్టనని దేవుడికి మాటిచ్చాడు. వాపు దిగింది. ఆదివారం మందిరంలో లేచి, ఇది దేవుడు చేసిన మేలని అందరి ముందూ సాక్ష్యం చెప్పాడు. చెప్తూ చెప్తూ అంత మనిషీ వెక్కివెక్కి ఏడ్చాడు. ఆడవాళ్ళ చాప మీద కూర్చున్న హన్నా కూడా ఏడ్చింది, ఆవిడ ఏడుపుకు కారణం వేరు. అప్పుడిక ఏమని చెప్తుంది? ఎనిమిదో రోజున పిల్ల ఒళ్ళంతా దద్దుర్లు లేచి జ్వరం వస్తే ఉక్కపోత అని సర్దేసింది. ఆనాటి నుంచి సొలొమోను సారా ముట్టలేదు. జీతం ఇంటికి తెచ్చాడు. చెయ్యెత్తలేదు. ప్రతి ఏడాదీ ఆ నెలలో, ఆ ఆదివారం, అదే సాక్ష్యం చెప్పేవాడు. హన్నా తల వంచుకుని వినేది.

"పొక్కు రాకపోతే ఇక భయం లేనట్టేనా అండీ?" అని అడిగింది తెరేసమ్మను.

"నూటికి తొంభై మందికి లేనట్టే. మిగతా పదిమందిని కూడా చూశాన్నేను."

తొంభై అన్న మాటను హన్నా గట్టిగా పట్టుకుంది. ఒళ్ళు మర్చిపోయి ఉండకూడదా? ఆ పుల్లయ్య సూదిలో మందు ఉందో, ఉత్త నీళ్ళే ఉన్నాయో ఎవరు చూశారు? నోరు మూసుకుని కూర్చుంటే బిడ్డా దక్కుతుంది, మొగుడూ దక్కుతాడు. నోరు తెరిస్తే వరండాలో ఉన్న మనిషి కాళ్ళ కింద నేల తీసేసినట్టే. సందుకు అవతలివైపు, గది కిటికీకి ఎదురుగా సారా దుకాణం ఉంది. బంద్ అని సగం తలుపు వేసినా లోపల మనుషులున్నారు. ఆవిడ కిటికీ వంక చూడటం మానేసింది.

ఇరవై నిమిషాలూ అయ్యాయి. డాక్టరు వచ్చి టార్చి వేసి చూశాడు. కొంచెం ఎరుపు తప్ప పొక్కు లేదు. ఫరవాలేదన్నాడు. పిల్లను గట్టిగా పట్టుకోవాలని తండ్రినీ ముసలావిణ్ణీ లోపలికి పిలిపించాడు. వాళ్ళ వెనకే అబ్రహాము గారు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. తెరేసమ్మ సీసాలు ఒకటొకటిగా పెద్ద సిరంజిలోకి లాగింది. డాక్టరు దూదితో పిల్ల జబ్బ మీద తుడిచాడు.

హన్నా తన అరచెయ్యి తీసి అక్కడ పెట్టింది, ఆయన తుడిచిన చోటునే కప్పేస్తూ.

"చెయ్యి తియ్యమ్మా" అన్నాడు డాక్టరు.

"వేయించానండీ" అంది హన్నా. "రెండేళ్ళయింది. మేకు దిగినప్పుడు. చల్లపల్లిలో ధనుర్వాతం సూది వేయించాను. ఇంట్లో ఎవరికీ తెలీదు."

డాక్టరు సిరంజిని అలాగే పట్టుకుని, తర్వాత ఏమన్నా అయిందా అని అడిగాడు. ఎనిమిదో రోజున దద్దుర్లు, జ్వరం అని చెప్పింది. ఆయన సిరంజి ట్రేలో పెట్టేసి, జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. తిడతాడనుకుంది. తిట్టలేదు. దానికే హన్నాకు ఎక్కువ భయం వేసింది.

సొలొమోను ఆవిడ మొహంలోకి చూశాడు.

"ఆ రోజు సంత నుంచి వంకాయలు తెచ్చావు నువ్వు."

"తెచ్చాను. అవి కూడా తెచ్చాను."

అతను భుజం మీద తువ్వాలు సర్దుకుని, గుమ్మంలో ఉన్న అయ్యగారిని తప్పించుకుని బయటికి పోయాడు. సీతమ్మ పసివాడితో సహా గోడవారన చతికిలబడింది. అబ్రహాము గారి మొహంలో కోపం లేదు, అలసట ఉంది.

"ఇన్నిసార్లు అతని సాక్ష్యం విన్నావు హన్నమ్మా. ఒక్కసారన్నా నా దగ్గరికొచ్చి చెప్పాలనిపించలేదా?"

డాక్టరు తల్లిని తప్ప అందరినీ బయటికి గెంటేసి, తెరేసమ్మ చేత ఇంకో చిన్న సిరంజిలో ఊపిరి ఆగితే పొడవడానికి ఏదో మందు సిద్ధం చేయించి చేతికందేంత దగ్గర పెట్టుకున్నాడు. సీరాన్ని ఉప్పునీళ్ళలో బాగా పల్చన చేశాడు. మందు మానేస్తే గొంతు జబ్బు చంపుతుంది, ఒక్కసారే పోస్తే మందే చంపుతుంది, కాబట్టి ఒళ్ళు అదిరిపడకుండా చుక్కచుక్కగా అలవాటు చేస్తూ పోవాలని, ఎంతసేపు పడుతుందో చెప్పలేనని అన్నాడు. మొదటి చుక్క చర్మం కిందికి ఎక్కించాడు.

ఏడెనిమిది నిమిషాలు ఏమీ కాలేదు. తర్వాత దీనమ్మ ముక్కు నలుపుకుంది. బొడ్డు చుట్టూ ఒకటి, తొడ మీద ఒకటి దద్దుర్లు లేచాయి, చూస్తుండగానే అవి ఒకదానితో ఒకటి కలిసిపోయాయి. పెదవులు ఉబ్బాయి. అసలే ఆడని ఊపిరి పిల్లికూతలా మారి, పిల్ల కళ్ళు తేలేసింది. హన్నా అరవలేదు. అరిస్తే పిల్ల బెదురుతుందని పళ్ళు బిగించి, దాని రెండు చేతులూ పట్టుకుని, నేనున్నాను తల్లీ నేనున్నాను అంటూ కూర్చుంది. డాక్టరు దగ్గర పెట్టుకున్న మందు పొడిచాడు, ఇంకోసారి పొడిచాడు. తెరేసమ్మ నాడి పట్టుకుని పైకి లెక్కపెడుతోంది. ఎంతసేపటికో కూత తగ్గింది. పెదవుల్లోకి కొంచెం రంగు వచ్చింది.

డాక్టరు వెంకటకృష్ణారావు స్టూలు మీద కూలబడ్డాడు.

"ఒక్క చుక్కకి ఇంత జరిగింది. సిరంజి మొత్తం పోసుంటే సూది బయటికి తీసేలోపు పోయేది. మంచిదమ్మా, చెప్పావు."

అక్కడితో ఆపేయండని నోటిదాకా వచ్చింది హన్నాకు. ఆపితే ఏమవుతుందో పిల్ల గొంతు చెప్తూనే ఉంది. మళ్ళీ వెయ్యండి అంది. ఆ రెండు మాటలూ అనడానికి ఉన్న సత్తువంతా పోయింది.

ఈసారి ఇంకా పల్చన చేశారు. ఇరవై నిమిషాలకు ఒకటి. వేయడం, చూడటం, నాడి లెక్కపెట్టడం, మళ్ళీ కొంచెం పెంచడం. పిల్ల ఒంటిమీద దద్దురు కనపడితే ఆగడం. రెండో సూదికీ మూడో సూదికీ మధ్య హన్నా ఉండబట్టలేక కిటికీలోంచి చూసింది. సొలొమోను సారా దుకాణం మెట్టు మీద, సందుకు వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. లోపలికి పోలేదు, వెనక్కీ రాలేదు. నాలుగో సూది అయ్యాక చూస్తే మెట్టు మీద ఎవరూ లేరు. తలుపు సందులోంచి లోపలి చీకటి తప్ప ఏం కనపడలేదు.

పోయాడు అనుకుంది హన్నా. అతను తాగిన ఆ ఎనిమిదేళ్ళు ఎలా బతికిందో అంతా కళ్ళముందు తిరిగింది. రాత్రిపూట లాకుల దగ్గర్నుంచి తడబడుతూ వచ్చే అడుగులు, కుండలు పగిలే చప్పుడు, గుక్కపట్టి ఏడ్చే పిల్ల. తన చేతులారా ఆ మనిషిని మళ్ళీ ఆ మెట్టు ఎక్కించింది. అయినా ఇప్పుడు మళ్ళీ అడిగితే మళ్ళీ అదే చెప్పేది. ఆ సంగతి తనకు తెలిసి, తనమీద తనకే ఆశ్చర్యం వేసింది.

మధ్యాహ్నం మూడు దాటాక ఆఖరి సీసా కూడా పిల్ల ఒంట్లోకి చేరింది. దద్దుర్లు అక్కడక్కడా ఉన్నాయి గానీ ఊపిరి నిలకడగా ఉంది. విరుగుడు విషాన్ని పట్టుకోవాలి, పొర వదలాలి, గుండెను రెండు వారాలు కనిపెట్టి ఉండాలి, అప్పుడే దక్కిందని చెప్పలేను అన్నాడు డాక్టరు. కానీ చెప్పేటప్పుడు ఆయన గొంతు పొద్దుటి గొంతు కాదు. ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసిచ్చాడు: ఈ పిల్లకు గుర్రం సీరం ప్రాణాపాయం. ఏ ఊళ్ళో ఏ డాక్టరు దగ్గరికి పోయినా ముందు ఇది చూపించాలి, పెళ్ళయి అత్తారింటికి పోయినా వెంట పంపాలి అని హెచ్చరించాడు. హన్నా దాన్ని మడిచి జాకెట్లో పెట్టుకుంది.

ఆయన వరండాలోకి వచ్చి, సీతమ్మ ఒళ్ళో పసివాణ్ణి అప్పుడే సరిగ్గా చూశాడు. నాలుగు రోజులుగా వీడు అక్కతోనే ఉన్నాడా అని అడిగాడు. వీడికీ ఆ జబ్బు అంటుకుని ఉండొచ్చు, అందుకు ఈపూటే పెన్సిలిన్ పడాలి. దాంతోపాటు ఈ జబ్బు రాకుండా వేసే టీకా, ట్రిపుల్ యాంటిజెన్, మొదలుపెట్టాలి, నెలకొకటి చొప్పున మూడు. ఇది గుర్రం మందు కాదు. కోరలు పీకిన పామును పిల్లలకు చూపించినట్టు, ఒంటికి జబ్బు ఆనవాలు ముందే చూపించి పెడుతుంది, నిజం జబ్బు వచ్చిననాడు ఒళ్ళే గుర్తుపట్టి తరిమేస్తుంది అన్నాడు.

సీతమ్మ పసివాణ్ణి ఇంకా దగ్గరికి లాక్కుని అయ్యగారి వంక చూసింది. అది తండ్రి చెప్పాల్సిన మాట అన్నారు అబ్రహాము గారు. తండ్రి కనుచూపుమేరలో లేడు.

తెరేసమ్మ హన్నాను పక్కకు పిలిచింది. ముసలావిడ కాస్త కునుకు తీసినప్పుడు పిల్లాణ్ణి లోపలికి తీసుకురా, ఎవరికీ తెలియకుండా వేసి పంపేస్తాను అని గొంతు తగ్గించి చెప్పింది. మంచితనంతోనే అంది. హన్నా తల అడ్డంగా ఊపింది.

"వద్దండీ. ఇక దాచను. ఆయన్ని రానివ్వండి."

ఎప్పుడొస్తాడో, ఎలా వస్తాడో తెలియకుండానే అంది ఆ మాట.

నాలుగు కావస్తుండగా సొలొమోను మెట్లెక్కాడు. మొహం వాడిపోయి ఉంది. హన్నా ఎదురెళ్ళి, పాత అలవాటుకొద్దీ ఊపిరి బిగబట్టి, తర్వాత పీల్చి చూసింది. చెమట, దుమ్ము, లారీలో అంటిన తవుడు. అంతకుమించి వాసన లేదు. అతనికీ ఆ సంగతి తెలిసింది. తెలిసి తల దించుకున్నాడు.

పిల్లెలా ఉందని అడిగాడు. చెప్పింది. ఒక్క చుక్కకు ఏమైందో కూడా చెప్పింది, ఏదీ మిగల్చకుండా. అతను విని గోడకు ఆనుకున్నాడు.

"లోపలికి పోయి గ్లాసు ముందు పెట్టుకుని కూర్చున్నా" అన్నాడు. "దాని కాలు మానింది చూసి నేను తాగుడు మానాననుకున్నా. కాలు మానింది సూదితోనట. మరి నేను మానింది దేనితో అని ఆలోచిస్తా కూర్చున్నా."

"ఏం తేలింది?"

"ఏం తేల్లేదు. డబ్బులిచ్చి, గ్లాసు అక్కడే వదిలేసి వచ్చా."

వరండా చివర అబ్రహాము గారు ఆ మాటలు విన్నారు. విననట్టు ఉండటం ఆయనకు చేతకాదు. కళ్ళజోడు తీసి పంచె చెంగుతో చాలాసేపు తుడుచుకున్నారు.

అప్పుడు తెరేసమ్మ పిల్లాడి సూది సంగతి చెప్పింది. సొలొమోను తల్లి దగ్గరికెళ్ళి చేతులు చాచాడు. సీతమ్మ ఇవ్వలేదు. అతను కోప్పడకుండా, చేతులు అలాగే చాపి నిలబడ్డాడు. కాసేపటికి ముసలావిడ కొంగు ముడి విప్పి పిల్లాణ్ణి అందించింది. తెరేసమ్మ లోపలి గది తలుపు తెరిచి పట్టుకుంది. అతను అటు పోలేదు. వరండాలో, అయ్యగారికి ఎదురుగా ఉన్న బల్ల మీద కూర్చుని పిల్లాణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకున్నాడు.

"ఇక్కడే వెయ్యండమ్మా. అందరం ఉన్నప్పుడే."

అబ్రహాము గారు మొహం పక్కకు తిప్పుకున్నారు. లేచి మాత్రం పోలేదు. తెరేసమ్మ సిరంజి తీసుకొచ్చి, పిల్లాడు తన్నేస్తాడు, ఎవరైనా కాలు పట్టుకోండి అంది. హన్నా ముందుకు వంగింది. సొలొమోను ఆమె చెయ్యి మెల్లిగా పక్కకు తోశాడు.

"పోయినసారి నువ్వొక్కదానివే పట్టుకున్నావు గదా. ఈసారి నేను పట్టుకుంటా."